జేసీబీ దిగే ముందు ఒక్కసారి కొలవండి: పార్కుల అధికారులకు, పురావస్తు శాఖకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన నగర పార్కుల విభాగం అధికారులకు, పురావస్తు శాఖ వారికి, సర్వే ఇంజినీర్లకు,

నమస్కారం. మన నగరంలోని పాత పార్కులో, చెట్లు దట్టంగా ఉన్న వైపు, ఒక మట్టికట్ట ఉంది. దాని వెంబడే సగానికి పైగా పూడిపోయిన కందకం కూడా ఉంది. ఇవి మనుషులు కట్టినవేనని, పార్కు పుట్టకముందు నుంచే ఉండి ఉండవచ్చని మాకు బలంగా అనిపిస్తోంది. ఆ సంగతి మీకు రాతపూర్వకంగా తెలియజేశాం. ఫొటోలు, చేత్తో గీసిన ప్లాను జతచేశాం. అర్జీ ముట్టినట్టు రసీదు ఇచ్చారు. ఆ తర్వాత జవాబు లేదు. ఈలోగా నీటి పైపు కోసం జేసీబీతో కట్టను అడ్డంగా కోసి, పైపు వేసి, పూడ్చేశారు. ఇప్పుడు వాకింగ్ ట్రాక్ వెడల్పు చేయడానికి అదే కట్ట పొడవునా ముగ్గుతో గుర్తులు పెట్టారు. ఇంకా ఆఫీసుల చుట్టూ తిరుగుతూ కూర్చుంటే కట్ట మిగలదు కాబట్టి ఈ లేఖను అందరి ముందూ పెడుతున్నాం.

పార్కు పేరు ఇందులో రాయడం లేదు. ఎక్కడో మీకు తెలుసు. పాత దిబ్బ ఉందని నలుగురికీ తెలిస్తే గుప్తనిధుల కోసం రాత్రిళ్లు గడ్డపారలు పట్టుకొచ్చేవాళ్లు ఉంటారు. అలాంటివాళ్లకు మేం దారి చూపించదలచుకోలేదు.

ముందుగా మేం చూసింది చెబుతాం. కట్ట ఎత్తు నడుము దాకా ఉంటుంది. మట్టమధ్యాహ్నం వెళ్తే మామూలు మిట్టలాగే కనిపిస్తుంది. పొద్దున్నే ఎండ ఏటవాలుగా పడే వేళ చూస్తే మాత్రం దాని నీడ ఒకే వంపులో, తెగకుండా చెట్ల మధ్య నుంచి సాగుతూ కనిపిస్తుంది. వేసవిలో చుట్టూ గడ్డి ఎండిపోయినా కందకం ఉన్న మేర పచ్చటి పట్టీ మిగులుతుంది. పూడిన కందకంలో మెత్తటి మట్టి లోతుగా ఉండి తేమను పట్టి ఉంచుతుంది కాబట్టి పైన మొలిచేవి ఆలస్యంగా ఎండుతాయి. పురావస్తు శాస్త్రంలో ఇది బాగా తెలిసిన గుర్తు. ఇంగ్లండ్‌లో స్టోన్‌హెంజ్ అనే ప్రాచీన రాతి వలయానికి దగ్గర్లోని వుడ్‌హెంజ్ అనే మరో ప్రాచీన వలయాన్ని 1925లో గిల్బర్ట్ ఇన్సాల్ అనే పైలట్ విమానంలోంచి గుర్తించింది ఇలాంటి ఆనవాళ్లతోనే.

మమ్మల్ని నిజంగా ఆపేసింది పైపు కోసం తీసిన ట్రెంచి. అది తెరిచి ఉన్న కాస్త సమయంలో కోసిన గోడ స్పష్టంగా కనిపించింది. పైన గడ్డివేళ్లతో నల్లమట్టి. దాని కింద పసుపు, ఎరుపు కలిసిన మట్టి ముద్దలు ముద్దలుగా, ఒక్కో గంపా ఒక్కో చోట దిమ్మరించినట్టు ఉంది. ఆ ముద్దల కింద, కట్ట అడుగున, జానెడు మందం కూడా లేని నల్లటి చార ఒకటి సమతలంగా సాగింది. ఆ చార కింద ఎవరూ ముట్టని మొరం. ఆ నల్లటి చారే అసలు విషయం. అది ఒకప్పటి నేల. గడ్డి మొలిచిన పాత నేల మీద ఎవరో మట్టి తెచ్చి పోస్తేనే పైమన్ను అలా కింద చిక్కుకుంటుంది. దానంతట అదే ఏర్పడిన మిట్టలో ఇలాంటి వరస సాధారణంగా ఉండదు. చారలో అక్కడక్కడా గోరంత బొగ్గు ముక్కలు కూడా ఉన్నాయి. ఏ పొరలో దొరికిందో నమోదు చేసి ఉంటే ఆ బొగ్గుతో కాలం తేల్చే అవకాశం ఉండేది. పూడ్చేటప్పుడు అన్ని పొరలూ కలిసిపోయాయి. ట్రెంచిలోంచి తీసిన ఆ బొగ్గుతో ఇప్పుడు ఏమీ తేలదు.

ఇది ప్రాచీన కట్టడమేనని మేం తీర్పు ఇవ్వడం లేదు. పార్కు వేసినప్పుడు అందం కోసం పోసిన కట్ట కావచ్చు. పాత చెరువు గట్టు కావచ్చు. సైనికులు తుపాకీ కాల్చడం నేర్చుకోవడానికి పోసుకున్న దిబ్బ కావచ్చు, వదిలేసిన బండిబాట కావచ్చు. వీటిలో ఏదైనా సరే, కొలిచి చూస్తేనే తేలుతుంది. కట్ట తక్కువ ఎత్తులో ఉంది కాబట్టి పాతది కాదని మీ కార్యాలయంలో ఒకరు నోటిమాటగా అన్నారు. ఎత్తును బట్టి వయసు చెప్పలేం. మట్టి కట్టడాలు ఎలా అరిగిపోతాయో తెలుసుకోవడానికి ఇంగ్లండ్‌లోని ఓవర్టన్ డౌన్‌లో 1960లో కావాలనే ఒక కట్ట, కందకం కట్టి, 2, 4, 8, 16, 32, 64, 128 ఏళ్లకు కోసి చూడాలని ప్రణాళిక వేశారు. మొదటి కొన్నేళ్లలోనే కందకం అంచులు కూలి అడుగు వేగంగా పూడుతుందని, తర్వాత గడ్డి పట్టి మార్పు నెమ్మదిస్తుందని ఆ ప్రయోగం చూపించింది. ఎంతో ఎత్తుగా లేచిన కట్ట ఇవాళ నడుమెత్తున మిగలడంలో వింతేమీ లేదు.

మట్టితో కట్టింది కాబట్టి దానికి విలువ లేదనే భావన కూడా మన దగ్గర ఉంది. రాయి కనిపిస్తే గుడి అంటాం, కోట అంటాం. మట్టి కనిపిస్తే ట్రాక్టర్ పిలుస్తాం. పల్లెల్లో పాటిదిబ్బల (ఒకప్పటి ఊళ్లు మట్టిలో కలిసి మిగిలిన దిబ్బల) మన్ను పొలాలకు తోలుకుపోయి దిబ్బలే లేకుండా పోయిన ఊళ్లు ఉన్నాయి. కానీ తెలంగాణలోని ధూళికట్టలో శాతవాహనుల కాలం నాటిది మట్టికోటే. భువనేశ్వర్ పక్కన శిశుపాల్‌గఢ్‌లో 1948లో బి.బి. లాల్ తవ్వకాలు జరిపిన పురాతన నగరానికి రక్షణగా నిలిచింది ప్రధానంగా మట్టి ప్రాకారమే. చతురస్రాకారంలో, ఒక్కో వైపు కిలోమీటరుకు పైగా, ఎనిమిది ద్వారాలతో కట్టిన ఆ ప్రాకారం మీదికి ఇవాళ నగరం ఎక్కి కూర్చుంటోంది.

నగరాలు మట్టి కట్టడాలను ఏం చేశాయో చెప్పడానికి అమెరికాలోని ఒహాయో రాష్ట్రం చాలు. అక్కడి నెవార్క్ ఊళ్లో సుమారు 2,000 ఏళ్ల కిందట హోప్‌వెల్ సంస్కృతి ప్రజలు గంపలతో మట్టి మోసి పెద్ద వలయాలు, అష్టభుజి కట్టారు. అష్టభుజి గోడలు చంద్రుడు ఉదయించే చోటు మారే 18.6 ఏళ్ల చక్రానికి సరిపోయేలా ఉన్నాయని రే హైవ్లీ, రాబర్ట్ హార్న్ అనే ఇద్దరు అధ్యాపకులు 1982లో చూపించారు. ఆ సముదాయంలో చాలా భాగం ఇళ్ల కింద, రోడ్ల కింద పోయింది. మిగిలిన వాటిలో పెద్ద వలయం ఒకప్పుడు జాతర మైదానంగా, అష్టభుజి 1910 నుంచి లీజు మీద గోల్ఫ్ క్లబ్బుగా నడిచాయి. లీజును వెనక్కి తీసుకోవచ్చని ఒహాయో సుప్రీంకోర్టు 2022లో తీర్పు చెప్పింది. 2023లో యునెస్కో ఆ కట్టడాలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 2025 జనవరి నుంచి అష్టభుజి జనానికి పూర్తిగా తెరుచుకుంది. పోయిన భాగం ఎలా ఉండేదో ఇవాళ తెలుస్తోందంటే, ఈఫ్రయిమ్ స్క్వయర్, ఎడ్విన్ డేవిస్ అనే ఇద్దరు అప్పటికి నిలిచి ఉన్నవాటిని కొలిచి, 1848లో పటాలు అచ్చువేయించారు కాబట్టి. అదే రాష్ట్రంలోని సర్కిల్‌విల్‌కు ఆ పేరు వచ్చింది వలయాకారపు మట్టి కట్టడం లోపల 1810లో ఊరు వేయడం వల్లే. 1837 నుంచి వీధులను నలుచదరంగా మార్చుకుంటూ వచ్చారు. ఇవాళ వలయం లేదు.

పార్కుల్లోనూ ఇలాంటివి జరిగాయి. డబ్లిన్‌లోని ఫీనిక్స్ పార్కులో 1838లో కూలీలు ఒక దిబ్బను చదును చేస్తుంటే రాతి సమాధి బయటపడింది. లండన్‌లోని గ్రీనిచ్ పార్కులో 1844లో నీటి రిజర్వాయర్ కోసం ఆంగ్లో-సాక్సన్ కాలపు సమాధి దిబ్బలను చదును చేయడం మొదలుపెట్టారు. జనం గట్టిగా అడ్డుచెప్పడంతో రిజర్వాయర్‌ను వేరే చోటికి మార్చారు. మిగిలిన దిబ్బలు ఇప్పటికీ గడ్డి కిందే ఉన్నాయి. పిల్లలు వాటి పక్కనే ఆడుకుంటున్నారు. పార్కూ నడుస్తోంది, దిబ్బలూ ఉన్నాయి. మేం అడుగుతున్నది కూడా అంతకంటే పెద్దదేమీ కాదు.

ఇప్పుడు మీ మౌనం వల్ల మామూలు జనానికి ఏం జరుగుతోందో చెప్పాలి.

1. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు భయంతో ఉన్నారు. అన్నిటికంటే ముందు దీన్నే పట్టించుకోవాలి. "పాత కట్టడం అని తేలితే ఇంటిమీద గది వేసుకోనివ్వరట" అనే మాట వీధిలో తిరుగుతోంది. అది ఊరికే పుట్టిన మాట కాదు. భారతదేశంలో 2010 నాటి చట్ట సవరణ ప్రకారం కేంద్ర రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అందువల్ల పాత పెంకు దొరికినా, రాయి దొరికినా చెప్పకుండా పారేయడమే మేలని జనం అనుకుంటున్నారు. వాళ్లను తప్పుపట్టలేం. ఒక చోటును కొలిచి, నమోదు చేసినంత మాత్రాన అది రక్షిత కట్టడం అయిపోదు. రక్షిత కట్టడంగా ప్రకటించాలంటే వేరే ప్రక్రియ ఉంటుంది, అభ్యంతరాలు చెప్పుకోవడానికి గడువు ఉంటుంది. ఈ మాట అధికారులు నోరు తెరిచి చెబితే సగం టెన్షన్ తగ్గుతుంది. మేం చెబితే నమ్మరు, మీరు చెప్పాలి.

2. ట్రాక్ కావాలని అడిగింది కూడా మేమే. పెద్దవాళ్లు చెట్ల వేళ్లు తట్టుకుని పడుతున్నారు, చక్రాల కుర్చీ ఆ దారిలో కదలదు. ట్రాక్‌ను కొన్ని మీటర్లు పక్కకు జరిపితే రెండు పనులూ అవుతాయి. అర్జీకి జవాబు లేకపోవడం వల్ల ఇప్పుడు ట్రాక్ కావాలనేవాళ్లు ఒకవైపు, కట్ట ఉండాలనేవాళ్లు ఒకవైపు అన్నట్టు తయారైంది. నిన్నటిదాకా కలిసి నడిచినవాళ్లు ముఖాలు చూసుకోవడం లేదు.

3. రోజుకూలీ మీద పనిచేసేవాళ్ల సంగతి ఎవరూ అడగడం లేదు. పని మధ్యలో ఎముకలో, కుండలో బయటపడితే పని ఆగుతుంది, పోలీసులు వస్తారు, మొదటి ప్రశ్న గడ్డపార పట్టుకున్నవాడికే పడుతుంది. ఆగిన రోజులకు కూలి ఎవరిస్తారు? ఆ భయంతోనే దొరికినదాన్ని మళ్లీ మట్టిలో కప్పేస్తారు. ముందే సర్వే చేస్తే కాంట్రాక్టరుకూ, కూలీకీ ఈ ఇబ్బంది ఉండదు.

4. పూడిన కందకం వానాకాలంలో నీరు పట్టి, నెమ్మదిగా ఇంకించుకుంటోంది. దాన్ని నింపేసి సిమెంటు పరిస్తే ఆ నీరు పల్లంలో ఉన్న ఇళ్లవైపే పోతుంది. ఈ లెక్క ట్రాక్ డ్రాయింగులో ఎక్కడా కనిపించలేదు.

5. దొరికినదాన్ని చెప్పే అలవాటే పోతుంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1997లో మొదలైన ఒక ప్రభుత్వ పథకం కింద మామూలు జనం తమకు దొరికిన పాత వస్తువులను నిపుణులకు చూపిస్తారు. వాళ్లు నమోదు చేసి చాలావరకు తిరిగి ఇచ్చేస్తారు. పది లక్షలకు పైగా వస్తువులు అలా లెక్కకెక్కాయి. చెబితే వినేవాళ్లు ఉన్నారనే నమ్మకంతోనే జనం ముందుకొచ్చారు. అర్జీకి ఒక లైను జవాబు కూడా రాని చోట రేపు ఎవరు నోరు విప్పుతారు?

ఇక మా డిమాండ్లు. ఏదీ మీ శక్తికి మించింది కాదు.

1. కట్ట, కందకం ఉన్న పట్టీలోనూ, దానికి రెండు పక్కలా తగినంత దూరంలోనూ యంత్రాలతో తవ్వడం వెంటనే ఆపండి. ఇది ఆదేశంగా కాంట్రాక్టరుకు రాతలో వెళ్లాలి. ట్రాక్‌ను పక్కకు జరిపిన డ్రాయింగ్ తయారుచేయించి నోటీసు బోర్డు మీద పెట్టండి.

2. నేల ఎత్తుపల్లాలు కొలిపించండి. దూరాలు, కోణాలు కొలిచే టోటల్ స్టేషన్ పరికరంతో సర్వే చేసే ఇంజినీర్లు మీ దగ్గరే ఉన్నారు. చెట్లు దట్టంగా ఉన్నాయి కాబట్టి డ్రోన్ ఫొటోలు ఒక్కటే సరిపోవు. లైడార్ కావాలి. పైనుంచి పంపే లేజర్ కిరణాల్లో కొన్ని ఆకుల సందుల్లోంచి నేలను తాకి తిరిగొస్తాయి. ఆకులను తాకి వచ్చినవాటిని లెక్కలోంచి తీసేస్తే ఒట్టి నేల రూపం కనిపిస్తుంది. బెలీజ్ అడవుల్లోని మాయా నగరం కరకోల్‌లో పరిశోధకులు పాతికేళ్లు నేల మీద తిరిగి కొంత భాగమే మ్యాపు చేయగలిగారు. 2009లో కొద్దిరోజుల విమాన సర్వేతో 200 చదరపు కిలోమీటర్ల నేల రూపం చేతికొచ్చింది. వరద ముంపు లెక్కల కోసమో, రోడ్ల కోసమో నగరంలో లైడార్ సర్వే ఇప్పటికే జరిగి ఉంటే కొత్తగా ఖర్చుపెట్టే పనే లేదు, ఆ డేటా బయట పెట్టండి. ఇంగ్లండ్ పర్యావరణ సంస్థ తన లైడార్ డేటాను 2015లో అందరికీ ఉచితంగా ఇచ్చింది.

3. తవ్వకుండా నేల లోపల చూసే పద్ధతులు వాడండి. బోరు వేసే ముందు నీటి కోసం నేలలోకి కరెంటు పంపి చేసే రెసిస్టివిటీ సర్వేనే ఇక్కడా పనికొస్తుంది. తేమ ఎక్కువున్న కందకం, గట్టి మట్టి వేరువేరుగా తెలుస్తాయి. నేలలోని అయస్కాంత తేడాలను కొలిచే మాగ్నెటోమీటర్ కూడా మంచిదే కానీ, పక్కనే ఇనుప కంచె, పైపులు ఉన్నందున ఒక్క దాని మీదే ఆధారపడవద్దు.

4. కొత్త గుంత తవ్వొద్దు. పైపు కోసం కోసిన చోటునే పురావస్తు నిపుణుల సమక్షంలో చేత్తో తిరిగి తెరిపించి, గోడను కొద్దిగా చెక్కించి, పొరలను గీయించండి. అక్కడ ఎలాగూ నష్టం జరిగిపోయింది, గోడ వెనక మట్టి మాత్రం ఇంకా కదలలేదు. పాత నేల పొరలోంచి బొగ్గు తీసి, దాని వయసు చెప్పే రేడియోకార్బన్ పరీక్షకు పంపండి. ఆ బొగ్గు కట్ట కంటే ముందుదై ఉండవచ్చు కాబట్టి దానితోనే సరిపెట్టకుండా, ఇసుక రేణువులు చివరిసారి వెలుతురు చూసి ఎంతకాలమైందో లెక్కగట్టే ఓఎస్‌ఎల్ పరీక్ష కూడా చేయించండి. నమూనా చీకట్లో తీయాలి, నిపుణులు లేకుండా ఎవరూ చేయకూడదు.

5. పార్కు వేసినప్పటి ప్లానులు, పాత సర్వే పటాలు, విమానం నుంచి తీసిన పాత ఫొటోలు మీ రికార్డు గదిలో ఉంటే వాటిని చూడండి, మమ్మల్నీ చూడనివ్వండి. పార్కు వేయకముందు నాటి పటంలో ఆ వంపు ఉందా లేదా అన్నది ఒక్క పూటలో తేలే విషయం. లేఖలో అన్నిటికంటే చవకైన కోరిక ఇదే. మొదట దీన్నే చేయమని మా మనవి.

6. పరీక్షల్లో అది ఇటీవలి కట్ట అని తేలితే ఆ మాటే రాతలో ఇవ్వండి. మేం అంగీకరిస్తాం, ట్రాక్ పనికి అడ్డు రాం. పాతదని తేలితే ఆ చోటును నమోదు చేసి, ఇళ్లవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడిన తర్వాతే తదుపరి నిర్ణయం తీసుకోండి.

7. ఈ లేఖకు 30 రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. ఈ విషయం చూసే అధికారి ఎవరో, ఏ రోజు ఎక్కడ కలవవచ్చో అందులో ఉండాలి. పార్కుల విభాగం పురావస్తు శాఖను అడగమంటుంది, పురావస్తు శాఖ పార్కుల విభాగం ఉత్తరం రాయాలంటుంది. రెండు శాఖలూ ఒకే రోజు ఒకే చోటికి వచ్చి చూస్తే ఈ తిప్పట ఆగుతుంది.

పురావస్తు నిపుణులకు, విశ్వవిద్యాలయాల్లో ఈ శాస్త్రం చెప్పే అధ్యాపకులకు ఒక విన్నపం. అధికారికంగా పిలుపు వచ్చేదాకా ఆగకుండా ఒక పొద్దున వచ్చి కట్టను చూడండి. మీ అభిప్రాయం మాకు వ్యతిరేకంగా ఉన్నా సరే, అది అధికారులకు రాయండి.

పార్కుకు వచ్చే తోటివారికి కూడా ఒక మాట. కట్ట మీద ఎవరూ గుచ్చి చూడొద్దు, మెటల్ డిటెక్టర్లు తేవొద్దు. మట్టిలో ఏదైనా పైకి కనిపిస్తే తీయకుండా, ఉన్నచోటనే ఫొటో తీసి, తేదీ రాసి పెట్టుకోండి. తీసేస్తే అది ఏ పొరలోదో ఇక తెలియదు.

ట్రెంచి తెరిచి ఉన్నప్పుడు తీసిన ఫొటోల అసలు ఫైళ్లు, మేం గీసిన ప్లాను మా దగ్గర భద్రంగా ఉన్నాయి. ఫొటోల్లో కొలత కోసం పెట్టిన స్కేలు కూడా కనిపిస్తుంది. ఏ శాఖ అడిగినా ఆ రోజే ఇస్తాం. సర్వే రోజున తాళ్లు పట్టుకోవడానికి, చెట్ల కింద ఆకులు ఊడ్చడానికి మనుషులం వస్తాం. ముగ్గు గీతలు మాత్రం ఇంకా అక్కడే ఉన్నాయి. జవాబు వచ్చేలోగా ఆ గీతల మీద పని మొదలుకాకుండా ఈ వారంలోనే ఆదేశం ఇవ్వాలని కోరుతున్నాం.

ఇట్లు,
పార్కుకు రోజూ వచ్చేవారి తరఫున
ఒక నగరవాసి